నీటి ముల్లు, నూనె ముల్లు

కర్మాగార జీవితంలో మరపురాని ఒక దినాన్ని గురించి వ్రాసి పంపవలసిందని మన పత్రిక సంపాదకవర్గంవారు కోరినప్పుడు మేము ముగ్గురమూ ఒకే దినాన్ని తలచుకున్నాము. దానిని వ్రాయవచ్చునా అన్న సందేహం కూడా ముగ్గురికీ కలిగింది. అది మాకు గౌరవం తెచ్చిన దినం కాదు. అయితే పాతికేళ్ళు దాటిపోయాయి. ఆనాటి ఇంజను ఇప్పుడు లేదు, టెస్ట్ బెడ్ గోడలకు రెండుసార్లు రంగు మారింది, ఆ కథలో ముఖ్యులైన పెద్దమనిషి స్వర్గస్థులైనారు. ఆయనను గురించి చెప్పగలవారం మేమే కనుక పూనుకొన్నాము.

ముందుగా మేమెవరమో మనవి చేసుకోవాలి. 1996లో బెంగుళూరులో ఇంజను పరీక్షాశాల రెండవ షిఫ్టులో పనిచేసినవారం మేము. ఒకరం ఫిట్టరు, ఒకరం ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, ఒకరం డైనమోమీటరు ఆపరేటరు. ఈ వ్యాసం ముగ్గురం కూర్చుని వ్రాసినది. ఏ వాక్యం ఎవరిదో విడదీసి చెప్పదలచలేదు. మాపైన ఫోర్‌మన్‌గారు ఉండేవారు. మదనపల్లె ప్రాంతంవారు. పిస్టన్ ఇంజన్లతో మొదలుపెట్టి జెట్ ఇంజన్ల దాకా ముప్పై ఏళ్ళపాటు చెవితో విని, చేతితో తాకి రోగం చెప్పిన మనిషి. ఇక ఒక శిక్షణార్థి ఉండేవాడు. నల్లగొండ జిల్లా కుర్రవాడు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇంజను నడుస్తున్నంతసేపూ పది నిమిషాలకొకసారి మీటర్లు చూసి లాగ్ షీటు నింపడం అతని పని.

ఆ సంవత్సరం మా దగ్గరికి ఒక రోటరీ ఇంజను వచ్చింది. మోటారు కారు కోసం తయారైన రెండు రోటార్ల ఇంజనును తేలికపాటి విమానానికి అనువుగా మార్చవచ్చునా అన్నది విషయం. దానిని యాభై గంటలు నడిపి చూపవలసి ఉంది. ఐదేసి గంటల చొప్పున పది విడతలు. ఒక విడత మధ్యలో ఆపితే ఆ విడత మళ్ళీ మొదటికి వస్తుంది. ఈ నియమాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. తరువాత జరిగినదానిలో సగం దీనివల్లనే జరిగింది.

రోటరీ అన్న మాట వినగానే ఫోర్‌మన్‌గారికి మొదటి ప్రపంచ యుద్ధం గుర్తుకు వచ్చింది. ఆ కాలపు రోటరీ ఇంజను వేరు. 1908-09 ప్రాంతంలో ఫ్రాన్సులో సెగాన్ సోదరులు తయారుచేసిన నోమ్ ఇంజనులో క్రాంక్ షాఫ్టు కదలకుండా విమానానికి బిగించి ఉంటుంది. సిలిండర్లన్నీ ప్రొపెల్లరుతో కలిసి గిరగిర తిరుగుతాయి. తిరగడం వల్ల గాలి తగిలి అవే చల్లబడతాయి, నీళ్ళతో పని లేదు. కందెనగా వాడినది ఆముదం. పెట్రోలులో సులభంగా కరగదు కనుక ఆముదాన్ని ఎంచుకున్నారు. ఒకసారి లోపలికి పోయిన నూనె మళ్ళీ తిరిగి రాదు, పొగతోపాటు బయటికే పోతుంది, పైలట్ ముఖాన కూడా పడుతుంది. తిరిగి రాని నూనెకు ఉష్ణోగ్రత కొలిచేదెక్కడ? పైలట్ ముందు చిన్న గాజు బుడ్డి ఒకటి ఉండేది. అందులో నూనె నాడిలాగా ఎగిరెగిరి పడుతూ ఉంటే పంపు పనిచేస్తున్నట్టు. అదే ఆ రోజుల్లో కందెన పర్యవేక్షణ.

ఈ సంగతి ఫోర్‌మన్‌గారు క్యాంటీనులో చెబుతూ ఉంటే శిక్షణార్థి ఆశ్చర్యపోయాడు. "మా తాత ఆముదాలు పండించెటోడు సార్. తలకు, దీపానికి అనుకున్నం గాని విమానాలకు గూడ పోయిందంటే ఇంట్ల ఎవ్వరు నమ్మరు" అన్నాడు. ఆ రోజు నుంచి ఫోర్‌మన్‌గారు అతనిని ఆముదాలబ్బాయి అని పిలిచేవారు. పరిహాసమే గాని అందులో వాత్సల్యమే ఎక్కువ.

మా దగ్గరికి వచ్చినది ఆ కోవది కాదు, వాంకెల్ వర్గానికి చెందినది. జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన నుంచి పుట్టి, ఎన్.ఎస్.యు. కంపెనీలో 1957 ఫిబ్రవరిలో మొదటిసారి తిరిగిన ఇంజను సంతతి. ఇందులో పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. నడుము కొద్దిగా నొక్కిన వేరుశనగకాయ వంటి గదిలో మూడు మూలల రోటారు ఒకటి తిరుగుతుంది. షాఫ్టు మూడుసార్లు తిరిగితే రోటారు ఒకసారి తిరుగుతుంది. ముందుకూ వెనకకూ ఊగే బరువులు లేవు కనుక అదురు తక్కువ, శక్తికి తగిన బరువు తక్కువ. విమానం కట్టేవారికి ఈ రెండూ ప్రాణం వంటివి. అమెరికాలో సొంతంగా చిన్న విమానాలు కట్టుకునే ఔత్సాహికులు జపానువారి మాజ్డా 13బి ఇంజనును ఎంచుకోవడానికి కారణం ఇదే. అందులో రెండు రోటార్లు, ఒక్కొక్కటి 654 ఘన సెంటీమీటర్లు. 1991లో ఫ్రాన్సులోని ల మాన్స్ ఇరవై నాలుగు గంటల పందేన్ని గెలిచిన మాజ్డా కారులో నాలుగు రోటార్ల ఇంజను ఉండింది. ఇటువంటి ఇంజను ఎక్కువసేపు నిలవదన్న అపవాదుకు అది సమాధానం.

నిలుస్తుంది, కాని వేడిని సరిగా తీసివేస్తేనే నిలుస్తుంది. పిస్టన్ ఇంజనులో చల్లని గాలి వచ్చేదీ, మంట మండేదీ ఒకే సిలిండరులో, ఒకదాని తరువాత ఒకటి. కనుక ఆ గోడకు చల్లదనమూ తగులుతుంది, వేడీ తగులుతుంది. వాంకెల్ ఇంజనులో అలా కాదు. చల్లని గాలి ఎప్పుడూ ఒక పక్కనే ప్రవేశిస్తుంది. మంట ఎప్పుడూ మరొక పక్కనే, స్పార్క్ ప్లగ్గుల దగ్గరే మండుతుంది. పొయ్యి మీద పెనాన్ని ఒక అంచు మాత్రమే మంటకు తగిలేలా పెడితే కొంతకాలానికి పెనం వంకర పోవడం మన ఇళ్ళలో చూసినదే. ఈ ఇంజను గదికి నిరంతరం అదే పరీక్ష. అందుకే గది చుట్టూ నీరు తిరగాలి. పలకలు పలకలుగా పేర్చి పొడవాటి బోల్టులతో బిగించిన ఇంజను ఇది. ఆ పలకల మధ్య నీటిని ఆపేవి రబ్బరు వలయాలు. మితిమీరిన వేడి ఒక్కసారి తగిలినా ఆ వలయాలు పాడవుతాయి, అల్యూమినియం గది వంగుతుంది. ఆ తరువాత ఎంత బిగించినా ప్రయోజనం ఉండదు.

మరి రోటారు సంగతి? అది గది నడుమ తిరుగుతూ ఉంటుంది, నీరు దానిని చేరలేదు. చిన్న డ్రోను ఇంజన్లు కొన్నింటిలో రోటారు లోపలినుంచి గాలిని పంపి చల్లబరుస్తారు. మా ఇంజనులో షాఫ్టు లోపలి రంధ్రాల నుంచి నూనెను రోటారు కడుపులోకి చిమ్ముతారు. అది అక్కడి వేడిని పట్టుకొని క్రిందికి దిగుతుంది, కూలరు గుండా పోయి మళ్ళీ వస్తుంది. అంటే ఇక్కడ నూనె కందెన మాత్రమే కాదు, రెండవ నీరు. బయటికి తీసివేయవలసిన వేడిలో దాదాపు మూడవ వంతు నూనె గుండానే పోతుందని ఈ ఇంజన్లు వాడేవారు లెక్క వేస్తారు. మామూలు పిస్టన్ ఇంజనులో నూనె వంతు ఇంతకంటె చాలా తక్కువ. ముప్పై ఏళ్ళు ఇతర ఇంజన్లతో గడిపినవారికి ఈ తేడా కాగితం మీద తెలుసు, చేతికి తెలియదు. మాకూ అంతే.

ఉష్ణోగ్రత కొలవడం చాలా తేలిక పని అని బయటివారు అనుకుంటారు. గోడకు మీటరు బిగించి అంకె చూసి వ్రాయడమే గదా అని. ఒక ముచ్చట చెబుతాము. మీటర్లను పరీక్షించే పని మొదటిసారి శిక్షణార్థికి అప్పగించినప్పుడు అతను శాస్త్రప్రకారం కరిగే మంచులో సెన్సారును ముంచి సున్నా చూశాడు, మరిగే నీటిలో ముంచి 97 చూశాడు. నాలుగు సెన్సార్లూ 97 దగ్గరే నిలిచాయి. నాలుగూ తప్పే అని ఎర్ర చీటీలు కట్టి బల్ల మీద వరుసగా పెట్టాడు. ఫోర్‌మన్‌గారు వచ్చి చూసి, "ఒరే ఆముదాలబ్బాయీ, నీళ్ళు నూటికి మరిగేది మీ మచిలీపట్నం సముద్రం ఒడ్డునరా. ఈ ఊరు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉండాది" అన్నారు. మచిలీపట్నం తనది కాదని కుర్రవాడు మెల్లగా మనవి చేసుకున్నాడు గాని సంగతి బోధపడింది. మూడు వందల మీటర్ల ఎత్తుకు సుమారు ఒక డిగ్రీ చొప్పున మరుగు స్థానం తగ్గుతుంది. మూడు వేల మీటర్ల ఎత్తున నీరు 90 దగ్గరే మరుగుతుంది. అందుకే విమానంలో శీతల జలాన్ని గ్లైకాల్ కలిపి, మూత బిగించి, ఒత్తిడిలో ఉంచుతారు. ఒత్తిడి పోయిననాడు, నేల మీద చాలినంత చల్లగా ఉన్న నీరు పైన ఆవిరి అవుతుంది.

ఇంకొక చిక్కు సెన్సారు ఎక్కడ పెట్టాలన్నది. ఇంజను నుంచి బయటికి వచ్చే నూనెకూ, కూలరు దాటి లోపలికి పోయే నూనెకూ పది పదిహేను డిగ్రీలు తేడా ఉండవచ్చు. ఒకరి 95 ఇంకొకరికి 110. రెండు ప్రయోగశాలలవారు ఫోనులో అరగంట వాదించుకొని, చివరకు ఇద్దరూ ఒకే సంగతి చెబుతున్నారని తేలిన సందర్భం మాకు తెలుసు. మాకిచ్చిన పరీక్షాపత్రంలో నీరు బయటికి వచ్చేచోటా, నూనె లోపలికి పోయేచోటా కొలవాలని ఉండింది. రెండూ 95 దాటితే శక్తి తగ్గించాలి. నూనె 105కు వస్తే ఆపాలి.

ఇక ఆ రోజుకు వారం ముందు జరిగినది. ఐదవ విడత మూడవ గంటలో నూనె ముల్లు ఉన్నట్టుండి 92 నుంచి 101కి ఎగిరింది. మేము భయపడి శక్తి తగ్గించాము. ముల్లు దిగలేదు. ఇంజను ఆపాము. చల్లారిన తరువాత విప్పి చూస్తే నూనెలో దోషం లేదు, కూలరులో దోషం లేదు. రెండు రోజులు వెదికిన మీదట కారణం దొరికింది. ఆ సెన్సారు కారు పద్ధతిది. దానికి ఒక్కటే తీగ. రెండవ తీగ పనిని ఇంజను శరీరమే చేస్తుంది. ఆ సమయానికే మాలో ఒకరు ఆల్టర్నేటరు మీద దీపాల భారం వేసి ఉన్నారు. ఆ కరెంటు ఇంజను శరీరం గుండా తిరిగి పోతూ, ఎర్త్ పట్టీలో కొద్దిపాటి వోల్టేజి తేడా తెచ్చింది. మీటరు దానిని వేడిగా చదివింది. పైలట్ ల్యాండింగ్ లైటు వేస్తే నూనె వేడెక్కినట్టు కనబడడమన్నమాట. సెన్సారుకు వేరే ఎర్త్ తీగ వేసి సరిచేశాము. కాని ఐదవ విడత పోయింది. పైవారు, వేడి లేని ఇంజనును ఆపి మూడు గంటలు నష్టపరచినందుకు ఫోర్‌మన్‌గారిని అందరి ముందూ నిలదీశారు. ఆయన ఏమీ అనలేదు. షెడ్డుకు వచ్చిన తరువాత ఆ మీటరు అద్దాన్ని వేలితో ఒకసారి కొట్టి, "నీ వల్ల మాట పడినాను" అన్నారు.

ఆ శనివారం ఎనిమిదవ విడత. సోమవారం ఇంజనును చూడడానికి సమీక్షా సంఘంవారు రావలసి ఉంది. మధ్యాహ్నం మూడు గంటలకు మొదలుపెట్టాము. మూడు గంటలపాటు వ్రాయదగినది ఏమీ లేదు. ఆరు గంటలకు నీరు 84, నూనె 90. ఆరు పదికి నీరు 85, నూనె 91. ఆరు ఇరవైకి నీరు 85 దగ్గరే ఉంది, నూనె 95.

"సార్, ఆయిల్ తొంభై ఐదుకొచ్చింది" అన్నాడు శిక్షణార్థి.

ఫోర్‌మన్‌గారు నీటి ముల్లు చూశారు. "నీళ్ళు కదల్లేదు గదప్పా. లైట్లు ఎవరైనా వేసినారా?" అన్నారు. వేయలేదన్నాము.

ఆరున్నరకు నూనె 101. నీరు 82కు దిగింది. కుర్రవాడు ఈసారి లేచి నిలబడి చెప్పాడు. ఫోర్‌మన్‌గారు చాలా నెమ్మదిగా బదులు చెప్పారు. "నీళ్ళు చల్లబడతా ఉంటే నూనె వేడెక్కేదెట్లా నాయనా? రెండూ ఒకే పొయ్యి మీద ఉండేవి. ఇది ఆ మీటరు పాత రోగమే. ఇంకా గంటన్నర ఉండాది, పోనీ."

మేము ముగ్గురమూ ఆ మాటలు విన్నాము. మాకు సబబుగానే తోచాయి. ఇన్‌స్ట్రుమెంట్ల పని చూసేవారం మాలోనే ఉన్నాము. ఎర్త్ తీగ మార్చినది మా చేతులే. ఆ మీటరు ఇప్పుడు బాగుందని చెప్పగలిగినవారం మేమే. చెప్పలేదు. మరొక విడత పోతే మళ్ళీ మాట పడవలసి వస్తుందన్న భయం ఆయనకు ఎంత ఉందో మాకూ అంతే ఉండింది. ఆరు ముప్పై ఐదుకు నియమం ప్రకారం వ్రాయవలసిన సమయం కాకపోయినా కుర్రవాడు తనంతట తాను ఒక వరుస వ్రాశాడు. నీరు 78, నూనె 107. ఆ తరువాత శక్తి ఒక్కసారి పడిపోయింది, శబ్దం మారింది. ఫోర్‌మన్‌గారు ఎవరూ చెప్పకముందే స్విచ్చి కట్టేశారు. అప్పటికి ఆరు నలభై ఒకటి.

తలుపు తెరిచి లోపలికి పోయి చూస్తే రేడియేటరులో నీళ్ళు లేవు. క్రింది హోసు పైపు క్లిప్పు సడలి, నీరంతా నేల కాలువలోకి పోయింది. ఫ్యాను గాలికి తుంపర్లు చెదిరి అద్దంలోనుంచి మాకు కనబడలేదు. నీరు తగ్గి సెన్సారు మట్టానికి క్రిందికి దిగగానే, ఆ సెన్సారు కొలిచినది నీటిని కాదు, పైపులో నిలిచిపోయిన ఆవిరినీ గాలినీ. అది చల్లబడుతూ వచ్చింది, ముల్లూ దిగుతూ వచ్చింది. నీరు మోయవలసిన వేడిలో కొంత నూనె మీద పడింది. మా ముందున్న రెండు మీటర్లూ తమకు తగిలినదానిని సరిగానే చెప్పాయి. క్లిప్పు బిగించినది మాలో ఒకరం.

ఆదివారం ఇంజను విప్పాము. నీటిని ఆపే రబ్బరు వలయాలు మాడి పెళుసెక్కి ఉన్నాయి. మంట పక్కన గది వంగింది. ఒక రోటారు మూలనున్న సీలు గాడిలో బిగుసుకుపోయింది. కాలిన గ్లైకాల్ తీపి వాసన ఆ షెడ్డులో నాలుగు రోజులు ఉండింది. ఇప్పటికీ ఎక్కడైనా కారు రేడియేటరు కారిన వాసన తగిలితే మాకు ఆ ఆదివారమే గుర్తుకు వస్తుంది.

సోమవారం ఉదయం సమీక్షా సంఘం రాకముందే ఒక అధికారి మమ్మల్ని పిలిచారు. ఆయనను చెడ్డవారని మేము చెప్పము. నలుగురి ఉద్యోగాలకు దెబ్బ తగలకుండా చూడాలన్నదే ఆయన ఉద్దేశం. "లాగ్ షీటు మీద నూనె మరకలున్నాయి, సంఘంవారికి ఇది ఇవ్వడం బాగుండదు. ఫెయిర్ కాపీ ఒకటి వ్రాయండి. చివరి మూడు వరుసల్లో ఆయిల్ మీటరు పనిచేయలేదని పెట్టండి. ఆ మీటరు మీద ముందే కంప్లయింటు ఉంది కదా" అన్నారు. హోసు క్లిప్పు వదిలిందంటే అది ప్రమాదం. చూసి కూడా ఆపలేదంటే అది నేరం. ఒక కాలమ్‌లోని మూడు అంకెలే ఈ రెండింటికీ తేడా.

మేము ముగ్గురమూ సరేనన్నాము. ఇది వ్రాయడానికే ఇన్నాళ్ళు జంకాము. ఎవరూ బలవంతం చేయలేదు, బెదిరించలేదు. ఇళ్ళల్లో పిల్లలు చదువుకుంటున్నారు, క్వార్టర్సు అద్దె జీతంలో కోసుకుంటున్నారు, ఇంక్రిమెంటు పోతే ఎంత పోతుందో అందరికీ నోటిలెక్కగా తెలుసు. కొత్త ఫారం తెప్పించి బల్ల మీద పెట్టాము. చేతివ్రాత మొదటి షీటు లాగే ఉండాలి కనుక శిక్షణార్థినే కూర్చోబెట్టాము. అతను పెన్ను పట్టుకొని, తేదీ వేసి, ఇంజను నంబరు వేసి, అక్కడ ఆగాడు. "ఆరు ముప్పై ఐదు వరుస కూడా వ్రాయాల్నా సార్?" అని అడిగాడు. మాలో ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ సమయానికి ఫోర్‌మన్‌గారు వచ్చారు. బల్ల మీద రెండు కాగితాలు చూశారు. కుర్రవాడిని లెమ్మన్నారు. ఆ కుర్చీలో తాను కూర్చుని, మరకలున్న పాత షీటును ముందుకు లాక్కొని, రిమార్కుల గడిలో తెలుగులోనే వ్రాశారు. "6-20కి నూనె 95 అని శిక్షణార్థి నాకు చెప్పినాడు. 6-30కి 101 అని మళ్ళీ చెప్పినాడు. మీటరు తప్పు అన్నది నేను. ఆపవద్దన్నది నేను." క్రింద సంతకం, తేదీ. కొత్త ఫారాన్ని నాలుగుగా మడిచి జేబులో పెట్టుకున్నారు. మావైపు చూసి కోపగించలేదు. "టీ తాగినారా?" అని మాత్రం అడిగారు.

ఆ షీటే సంఘం ముందుకు వెళ్ళింది. తెలుగు తెలియని సభ్యులకు ఆ నాలుగు వాక్యాలను ఆ అధికారే చదివి అర్థం చెప్పారు. మా ముగ్గురికీ హెచ్చరిక లేఖలు వచ్చాయి. ఫోర్‌మన్‌గారికి ఆ సంవత్సరం రావలసిన ప్రమోషను రాలేదు, తరువాతా రాలేదు. 1999లో ఆ హోదాలోనే పదవీ విరమణ చేశారు. శిక్షణార్థి ఉద్యోగం గడువు ప్రకారం ఖాయమైంది.

ఆ చివరి మూడు వరుసలే ఆ తరువాతి పనికి ఆధారమైనాయి. నూనె ఏ నిమిషం నుంచి ఎంత వేగంగా పెరిగిందో చూసి, నీరు ఎప్పుడు సెన్సారు క్రిందికి దిగిందో లెక్క కట్టారు. నూనె కూలరు చిన్నదని కూడా అప్పుడే తేలింది. నీళ్ళు ఉన్నప్పుడే దానికి మిగులు శక్తి లేదు. క్రొత్త గదితో ఇంజను తిరిగి వచ్చినప్పుడు మేము మూడు మార్పులు చేశాము. క్లిప్పులు రెండేసి. నూనెకు రెండు సెన్సార్లు, లోపలికి పోయేచోట ఒకటి, బయటికి వచ్చేచోట ఒకటి. ఇక అన్నిటికంటె ముఖ్యమైనది, నీటి ఒత్తిడికి ఒక మీటరు. ఉష్ణోగ్రత పడిపోయినప్పుడు ఒత్తిడి కూడా పడిపోతే నీరు చల్లబడలేదు, నీరు లేదు అని అర్థం. పావలా వంతు ఖర్చు కాని పరికరం. ఇంతకాలం ఎందుకు పెట్టలేదని అడిగితే మా దగ్గర జవాబు లేదు. ఈనాడు మన షెడ్డులో ద్రవంతో చల్లబడే ఇంజనుకు వాడే లాగ్ షీటులో నీటి ఉష్ణోగ్రత పక్కనే ఒత్తిడి గడి అచ్చువేసి ఉంటుంది. దానిని నింపే క్రొత్త పిల్లలకు అది ఎందుకు వచ్చిందో తెలియనక్కరలేదు.

2009 మార్చిలో కోలారు సమీపాన నిశాంత్ మానవరహిత విమానం మన దేశంలోనే రూపొందిన వాంకెల్ ఇంజనుతో ఎగిరిందన్న వార్త పత్రికల్లో వచ్చింది. నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్, అహ్మద్‌నగర్‌లోని వాహనాల పరిశోధన సంస్థ కలిసి చేసిన ఇంజను, సుమారు 55 అశ్వశక్తి. దానితో మాకు ఏ సంబంధమూ లేదు. అయినా ఆ వార్త కత్తిరించి నోటీసు బోర్డుకు అంటించినది మా నల్లగొండ కుర్రవాడే. అప్పటికి అతనికి తల కొద్దిగా నెరిసింది. తన క్రింద పనిచేసే శిక్షణార్థులకు మొదటి రోజు మంచులోనూ, మరిగే నీటిలోనూ సెన్సారు ముంచే పనే ఇచ్చేవాడు. వారు 97 చూసి తికమకపడుతుంటే ఏమీ చెప్పకుండా టీ తాగి వచ్చేవాడు.

ఫోర్‌మన్‌గారు కాలం చేయడానికి ముందు సంవత్సరం మేము నలుగురమూ మదనపల్లె వెళ్ళి చూసి వచ్చాము. చూపు బాగా తగ్గింది. మాటను బట్టి మనుషులను పోల్చుకునేవారు. ఆముదాలబ్బాయి ఏడీ అని అడిగి దగ్గర కూర్చోబెట్టుకున్నారు. భోజనాలయ్యాక, "ఆ ఇంజను మళ్ళీ తిరిగిందా?" అన్నారు. ఆయన ఉండగానే తిరిగింది. దగ్గర నిలబడి నడిపించినదీ ఆయనే. మరచిపోయి ఉంటారనుకొని, యాభై గంటలూ పూర్తి చేసిందని చెప్పాము.

"చివరి గంటలో నూనె ఎంత?"

"తొంభై ఒకటి సార్" అన్నాడు అతను, ఆలోచించకుండా.

"ఎక్కడ? లోపలికి పోయేచోటనా, బయటికి వచ్చేచోటనా?"

"లోపలికి పోయేచోట సార్. బయటికి వచ్చేచోట నూట నాలుగు."

ఆయన తల ఊపి, మాకు మజ్జిగ తెమ్మని లోపలికి కేకవేశారు.